పాత పిస్తోలుకి కొత్త పిస్తోలు

"రేపు మధ్యాహ్నానికి ఆ పిస్తోలు నుజ్జు నుజ్జు. దాంతోపాటే మన ఓవెన్ కూడా," అంది ప్రూడెన్స్ మేడం, డోనట్ పంచదార కోటు మీద రాలకుండా కొరుకుతూ.

నది ఒడ్డున కారు ఆగి ఉంది. అవతల ఒడ్డున హాల్‌బ్రుక్ పిస్తోళ్ల కంపెనీ, ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ. పక్క సీట్లో లియో గ్రోడ్‌స్కీ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. సీక్రెట్ ఏజెంటుగా అతనికి ఓనమాలు దిద్దించింది ఓవెనే మరి.

అవతలి దేశం నుంచి పారిపోయి వచ్చిన ఒక సైంటిస్టుని పోయిన నెల హోటల్ గదిలో ఎవరో కాల్చేశారు. ఒంట్లో దొరికిన గుండు హాల్‌బ్రుక్ కంపెనీ పాత మోడల్‌ది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేశారు. సరిగ్గా అలాంటి పిస్తోలే ఓవెన్ దగ్గర ఉండేది, అదేమో అదే వారం ఇంట్లోంచి మాయమైంది. ఇంకేముంది, ఓవెన్ జైల్లో పడ్డాడు.

"అసలు పిస్తోలు ఎక్కడుందో నిన్న రాత్రి ఒకడు కక్కాడు," అంది మేడం. "వారంటీకి పంపారట."

"వారంటీకా?"

"ఆ. బాడీ పగిలింది, కొత్తది ఇవ్వండి అని. నదిలో పారేస్తే గజ ఈతగాడు తీస్తాడు, పాతిపెడితే కుక్క తవ్వుతుంది. కంపెనీకి పంపితే? పాత మోడల్‌కి స్పేర్ పార్టులు లేవు కాబట్టి కొత్త పిస్తోలు ఇచ్చేసి, పాతదాన్ని వాళ్లే ప్రెస్సులో పెట్టి నలిపేస్తారు. సాక్ష్యం పోయే, చేతికి కొత్త సరుకు వచ్చే."

లియోకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "వారెంటు తెచ్చి జప్తు చేసెయ్యొచ్చు కదా మేడం?"

"ఆ కాగితం మన ఆఫీసు దాటేలోపు వాళ్లకి కబురు వెళ్తుంది. మనలోనే ఎవరో ఉన్నారు. అందుకే ఈ సంగతి ముగ్గురికే తెలుసు. నువ్వు, నేను, మన ఆఫీసులో వెరీనా." కాల్పుల మోత వినపడకుండా చెవులకి పెట్టుకునే ఇయర్ మఫ్స్ ఒక జత మేడం అతని ఒళ్లో పడేసింది. "లోపల రేడియో ఉంది, రికార్డర్ ఉంది. పిస్తోలుతో బయటపడితే, సూపు గురించి అన్నట్టు 'చౌడర్ వేడిగా ఉంది' అను. తేడా వస్తే 'చౌడర్ చల్లారింది' అను, ఇక గేటు దాటి ఈగ కూడా పోదు."

మర్నాడు శుక్రవారం. సర్వీస్ డిపార్ట్‌మెంటులో కొత్త మెకానిక్‌గా లియో చేరాడు. పెట్టుడు మీసం, దొంగ పేరు. ఫోర్‌మన్ ఎడ్ మోరిన్ అతన్ని ఎగాదిగా చూసి బకెట్టూ జల్లెడా చేతికిచ్చాడు.

"ఒరే కొత్తోడా, ముందు తొట్టి కడుగు."

"నేను మెకానిక్‌ని సార్."

"ఇక్కడ అందరం మెకానిక్‌లమే. మొదటి రోజు అందరం తొట్టే కడిగాం. మా నాన్నా కడిగాడు."

టెస్ట్ గదిలో మనిషి పొడవుకి రెండింతలుండే ఇనప నీళ్ల తొట్టి అది. అందులోకి కాలిస్తే నీళ్లు గుండుని చెక్కు చెదరకుండా ఆపేస్తాయి. దానిమీద పిస్తోలు గొట్టం గీసిన గీతలు వేలిముద్రల్లా అలాగే ఉంటాయి. కొన్నేళ్ల గుళ్లు అడుగున పేరుకుపోయి ఉన్నాయి. లియో వాటిని జల్లెడతో తోడి తోడి, అడుగు తుడిచి, కొత్త నీళ్లు పట్టేసరికి నడుం పడిపోయింది, మీసం ఒకవైపు ఊడింది. దాన్ని అతికించుకుంటూ బల్ల మీదికి చూశాడు. ఉంది. పాత హాల్‌బ్రుక్. బాడీ మీద వెంట్రుకంత పగులు. కాగితం మీద నంబరు ఓవెన్ పిస్తోలుది కాదు.

"ఇది బాగు చెయ్యలేమా సార్?" అన్నాడు ఊరికే.

"అది మా తాతల కాలంలో మొదలుపెట్టిన మోడల్‌రా. పార్టులెక్కడివి? ఇంత మంచి పిస్తోలు మళ్లీ చెయ్యలేదు వీళ్లు. ఏడుపొస్తే ఇంటికెళ్లి ఏడువు. భోజనమయ్యాక ప్రెస్సులో పెట్టెయ్." ఎడ్ టోపీ పెట్టుకున్నాడు. "ఈస్టర్ ముందు శుక్రవారం, మాంసం లేదు. చర్చి హాల్లో చేప వేపుడు. వస్తావా?"

"కడుపు బాలేదు సార్."

"తొట్టి కడిగితే ఎవడికైనా అంతే."

డిపార్ట్‌మెంటంతా చేపల కోసం ఖాళీ అయిపోయింది. లియో పిస్తోలు తీసుకుని, పొద్దున్న వదిలేసిన ఇయర్ మఫ్స్ కోసం టెస్ట్ గదిలోకి వెళ్లాడు. పెట్టుకున్నాడో లేదో, వెనక తలుపు టక్కుమని పడింది. పైన ఎర్ర లైటు వెలిగింది. ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు.

"మీసం నీకు నప్పలేదు లియో," అంది స్పీకర్లోంచి గొంతు.

అద్దం అవతల వెరీనా. బూడిద రంగు సూటు, ముత్యాల దుద్దులు, మెడలో ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ బిళ్ల. ఆఫీసులో సగం మంది ఆమె నవ్వు కోసం లిఫ్టు దగ్గర పడిగాపులు కాస్తారు. అదే నవ్వు ఇప్పుడూ.

"చౌడర్ చల్లారింది," అన్నాడు లియో. రేడియోలో బుస్సుమని చప్పుడు తప్ప ఏమీ లేదు. చుట్టూ ఉక్కు గోడలు.

"చెప్పుకో, చెప్పుకో. గోడలకి చెప్పుకో."

లియో బల్ల మీది తూటా ఒకటి ఎక్కించి పిస్తోలు పైభాగం లాగి వదిలాడు. అది కిర్రుమంటూ వెనక్కెళ్లి ముందుకొచ్చింది. అద్దానికి గురిపెట్టాడు.

"ఆ అద్దం మందం చూశావా? గుండు తిరిగొచ్చి నీకే తగుల్తుంది. విను. సొరుగులో పిస్తోలు పెట్టు." బ్యాంకులో డబ్బులిచ్చేలాంటి ఇనప సొరుగు ఒకటి అద్దం కింద ముందుకొచ్చింది. "ఓవెన్ ఉన్న జైలు వంటింట్లో మావాడున్నాడు. కాసేపట్లో ప్లేటు వెళ్తుంది. నేను ఫోన్ చేస్తే మామూలు ప్లేటు. చెయ్యకపోతే వేరే ప్లేటు."

లియో పిస్తోలు దించాడు. ఇస్తే ఓవెన్‌కి యావజ్జీవం. ఇవ్వకపోతే మధ్యాహ్నంలోపే పాడె. గది నాలుగు గోడలూ ఒక్కొక్క అడుగు దగ్గరికొచ్చినట్టయింది.

"ఆ సైంటిస్టుని నువ్వేనా?"

"మరి? తలుపు కొట్టగానే తీశాడు పాపం. నన్ను చూసి తల దువ్వుకున్నాడు కూడా." ఆమె ఫోన్ తీసింది. "నాకూ ఓవెన్ బతికుంటేనే లాభంలే. చచ్చినవాడి కేసు మళ్లీ తిరగేస్తారు. శిక్ష పడ్డవాడిది ఎవడూ తిరగెయ్యడు. పెట్టు."

లియో తల వంచాడు. పిస్తోలు పైభాగం పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకోసారి. మొహం ఎర్రబడింది.

"ఏంటి?"

"తూటా ఇరుక్కుంది. పగులు దగ్గర పట్టేసింది. బయటికి రావట్లేదు." సొరుగులో పెట్టబోయాడు. "ఇలాగే తీసుకో."

"ఆగు." వెరీనా ఒక అడుగు వెనక్కేసింది. "తూటా ఉన్నదాన్ని ప్రెస్సులో పెడితే నా మొహం మీద పేలుతుంది. పిచ్చోడివా? కాల్చి ఖాళీ చెయ్."

"ఎక్కడ కాల్చను?"

"తొట్టిలో."

లియో ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వింది. "నువ్వేం ఆలోచిస్తున్నావో తెలుసు. ఆ తొట్టిలో ఏళ్ల తరబడి గుళ్లున్నాయి. రిటైరయ్యేదాకా వెతుక్కో. కానీ, తొందరగా."

ఢాం. తొట్టిలో నీళ్లు ఎగిరి లియో చొక్కా మీద పడ్డాయి.

ఖాళీ పిస్తోలు సొరుగులోంచి అటు వెళ్లింది. వెరీనా ఫోన్లో "మామూలు ప్లేటే" అని ఒక్క మాట చెప్పి, పిస్తోలుని ప్రెస్సు కింద పెట్టి బటన్ నొక్కింది. ఎడ్ తాతల కాలం నాటి పనితనం కరకరమని అప్పడమైపోయింది. చేతి తొడుగులు తీసి, అద్దంలోంచి ముద్దు ఒకటి విసిరి, మడమలు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది.

లియో తలుపు మీద బాదాడు. చేతులు వాచాయి. ఎవరూ లేరు. తలుపు తెరుచుకునేసరికి ఆమె కారెక్కేసి ఉంటుంది, సాయంత్రానికి దేశం దాటేస్తుంది. తొట్టి పక్కన కూలబడ్డాడు. లియోకి ఆ తొట్టి తన సమాధిలాగే కనిపించింది.

అంతలో చేప వేపుడు వాసన, వెనకే ఎడ్. "ఒరే, నిన్నెవడు బంధించాడ్రా?"

తలుపు సందులోంచే లియో బయటికి దూకి అరిచాడు. "చౌడర్ చల్లారింది."

"నీకోసం చౌడర్ తేలేదురా, చేప తెచ్చా," అన్నాడు ఎడ్.

గేటు దగ్గర వెరీనా కారు ముందు చక్రాలు రోడ్డెక్కుతుండగా, ప్రూడెన్స్ మేడం కారు అడ్డంగా వచ్చి నిలబడింది. వెరీనా అద్దం దించి అదే నవ్వు నవ్వింది.

"పిస్తోలు లేదు మేడం. ఏం చూపిస్తారు?"

లియో పరుగెత్తుకొచ్చాడు. చొక్కా మోచేతుల దాకా తడి. అరచేతిలో ఒక్క గుండు, మెరుస్తూ.

"పొద్దున్న తొట్టి కడిగింది నేనే," అన్నాడు ఆయాసపడుతూ. "ఉన్నది ఇదొక్కటే." రెండో చేత్తో ఇయర్ మఫ్స్ ఎత్తి చూపించాడు. "గోడలు రేడియోని ఆపాయి. రికార్డర్‌ని కాదు."

ఆమె నవ్వు మొట్టమొదటిసారి మధ్యలో ఆగింది.

వారం తర్వాత ఓవెన్ బయటికొచ్చాడు. లియో అతన్ని తిన్నగా డోనట్ కొట్టుకే తీసుకెళ్లాడు.

"తూటా ఇరుక్కోవడం నీ అదృష్టంరా," అన్నాడు ఓవెన్.

"ఇరుక్కోలేదు. రెండు వేళ్లతో లాగానంతే."

ఓవెన్ నమలడం ఆపాడు. తన డోనట్ కూడా అతని ప్లేటులో పెట్టేశాడు.

వెరీనా దొంగ అడ్రసుకి కంపెనీ పంపిన కొత్త పిస్తోలు ఆఫీసుకి చేరింది. పెట్టెలో ఒక కార్డు. మా సర్వీసు ఎలా ఉందో దయచేసి తెలపండి అని. లియో పెన్ను తీశాడు.

"పాతది బ్రహ్మాండంగా పనిచేసింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం."