గిద్దలూరు లైవ్‌లో ఒక్క రూపాయి

"మధూ, ఇవాళ లైవ్‌లో శ్రీశైలమ్మను దెబ్బకొట్టబోతున్నారు. తుపాకీతో కాదు, క్యూఆర్ కోడ్‌తో."

ఇయర్‌పీస్‌లో చీఫ్ రాజరత్నం గొంతు. పలకల వ్యాపారి వేషంలో గిద్దలూరు సభకొచ్చిన ఏజెంట్ మధుసూదన్ తలపాగా సర్దుకున్నాడు.

శ్రీశైలమ్మది అర్ధవీడు. మేకలు కాచుకునే మనిషి. ఫోన్లో ఆమె మాటలు విని జనం పదీ ఇరవై పంపితే ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడింది. లైవ్ మధ్యలో చందాల కోడ్ మార్చి ఆ డబ్బు తమ ఖాతాకు లాగడం విదేశీ ముఠా ప్లాన్. వెంటనే 'పేదల సొమ్ము దేశం దాటించిన శ్రీశైలమ్మ' అని వీడియో వదులుతారు. అంతటితో ఆమె పని సరి.

"ముఠాలోకి మనం పంపిన పద్మజ ఉందిగా సార్."

"ఆమె మీద అంత నమ్మకమా?"

ఎందుకుండదు? మిషన్ ముగియగానే ఇద్దరికీ పెళ్లి. ముఠా మనిషిగా నటిస్తూ శ్రీశైలమ్మ ప్రచారంలో ఇంటర్నెట్ పనంతా పద్మజే చూస్తోంది. ఎర్రచీర, నల్ల కళ్లద్దాలతో స్టేజీ పక్కన ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మధుసూదన్ దగ్గరికెళ్లి కోడ్ వర్డ్ విసిరాడు.

"నల్ల పలకలుండాయా?"

"బలపాలే ఉండాయి" అని నవ్వింది. ఆ నవ్వుకు ఎప్పటిలాగే పడిపోయాడు.

శ్రీశైలమ్మ ఖాతాలో డబ్బు పడ్డప్పుడల్లా మైకు దగ్గరున్న సౌండ్ బాక్స్ పలికేది, జనం ఈలలు వేసేవారు. పెట్టె పలికేదాకా ఇక్కడెవరూ ఫోన్ జేబులో పెట్టరు.

"ఏందబ్బాయ్, డబ్బులు పోయినాయి, పెట్టె పలకలేదే?" అన్నాడు పక్కనున్న గోవిందయ్య అనే పెద్దాయన.

మధుసూదన్ స్టేజీ తెరమీది కోడ్‌ను స్కాన్ చేసి ఒక్క రూపాయి పంపాడు. రూపాయి పోయింది. పెట్టె పలకలేదు. కోడ్ మార్చగలిగేది ఒక్క పద్మజే.

ఆమె దగ్గరికి పరుగెత్తి వాచీలో జామర్ నొక్కాడు. ల్యాప్‌టాప్‌లో ముఠా వీడియో అప్‌లోడ్ తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయింది.

"నెట్ పోతే పోయింది నాయనా, నా గొంతుంది గదా!" స్టేజీ మీద శ్రీశైలమ్మ మాట్లాడుతూనే ఉంది.

"ఎందుకు చేసినావు పద్దూ?" అన్నాడు మధుసూదన్.

"మొదట్నుంచీ నేను వాళ్ల మనిషినే."

"మరి మన పెళ్లి?"

పద్మజ కళ్లద్దాలు తీసింది. కళ్లనిండా నీళ్లు. "అదొక్కటీ వాళ్లు చెప్పమన్నది కాదు."

బేడీలు వేస్తుంటే ఆమె చేతులకు తను మార్కాపురంలో కొనిచ్చిన గాజులే ఉన్నాయి. మధుసూదన్ గుండె పగిలిపోయింది.

"శభాష్ మధూ! ముఠా ఖాతా ఫ్రీజ్ చేయించాం. అందరి డబ్బూ వెనక్కొస్తుంది. నీదేమైనా పోయిందా?" అన్నాడు చీఫ్.

మధుసూదన్ తలపాగా కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్క రూపాయి సార్."

"అంతేగా! అదీ వచ్చేస్తుందిలే."