జానయ్య అన్న పేరు

అండాలు మూడో రొట్టె పెనం మీద వేసేసరికి భర్త వాకిట్లోంచి లోపలికి వచ్చాడు. ఒక చేతిలో స్టాంపు కాగితం, ఇంకో చేతిలో సిరాబుడ్డి ఉన్నాయి. ఆదివారం పూట అంత పొద్దున్నే ఆయన తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం ఆమెకు వింతగా తోచింది.

అది పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం. నల్లగొండలో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. ఆయన పేరు జానయ్య, ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. తండ్రి ఎల్లస్వామి పోయాక తల్లి నర్సింగమ్మ ఊళ్లో పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చింది. అండాలుకు ఇప్పుడు ఏడో నెల.

"అమ్మా, గీడ జర వేలిముద్ర వెయ్యి" అన్నాడు జానయ్య.

నర్సింగమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది. "ఏం కాగితం బిడ్డా?"

"ఆఫీసుది. ఊకె, కావాల్నట."

"నాకు సదువు రాదాయె. అండాలూ, నువ్వు సదువు, నేను వింట."

"ఆమె పనిల ఉన్నది గదా" అన్నాడు జానయ్య గబుక్కున.

అండాలు ఐదో తరగతి దాకా చదివింది. చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. "'కీర్తిశేషులైన ఎల్లస్వామి గారి భార్య నర్సింగమ్మ రాసి ఇచ్చునది ఏమనగా, నా కుమారుడు...'" అంటూ ఆగిపోయింది. పెళ్లయిన మూడేళ్లలో ఆమె భర్త పేరు నోటితో పలకలేదు. ఆ మాట దాటేసి కింది వరుస చదివింది. "'ఇకమీదట జనార్దన్ అని పిలువబడుటకు నాకు సమ్మతమే.'"

ఆ రెండో పేరు తడబాటు లేకుండా వచ్చేసింది. పలికాక గానీ అది ఎవరిదో ఆమెకు అర్థం కాలేదు.

"గా జనార్దన్ ఎవడే?" అంది నర్సింగమ్మ.

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. అండాలు వెళ్లి దాన్ని దించింది.

"నేనే" అన్నాడు జానయ్య చివరికి. "కొత్త ఆఫీసరు వచ్చి నాలుగు నెలలాయె. కోస్తా ఆయన. మొదటి రోజే అందరి ముందట అడిగిండు, జానయ్య ఏం పేరయ్యా, నువ్వు హిందువువా తురకవా అని. అందరు నవ్విన్రు. ఇప్పటికి నవ్వుతనే ఉన్నరు. రేపు నా పిల్లలు బడికి పోతే తండ్రి పేరు అడుగుతరు. వాళ్లు గూడ నవ్వులపాలు గావాల్నా?"

"నన్ను అడగలే నువ్వు. నా వేలునడిగినవు."

"అడిగితే ఒప్పుకుంటవా? జానపహాడు దర్గాకు మొక్కి పెట్టిన పేరు అని మొదలువెడ్తవు. సంతల నిలవడి జానయ్యా అంటే పదిమంది తిరిగి చూస్తరు. బండి తోలెటోడు జానయ్య, గొర్లు కాసెటోడు జానయ్య. గా పేరు మీద గొప్పోడు ఒక్కడన్న ఉన్నడా?"

నర్సింగమ్మ చాట కింద పెట్టింది. "ఎందుకు లేడు? మా మేనమామ జానయ్య. రజాకార్ల కాలంల ఊరంత గుట్ట ఎక్కుతాంటే, నడవరాని ముసలోళ్లను ఒక్కొక్కరిని ఈపు మీద మోసుకపోయిండు. మోత్కూర్ల ఇంకో జానయ్య ఉండె. ఆయన ఏడ తవ్వుమంటే గాడ నీళ్లు వడ్డయి. నేను పెండ్లికి కట్టుకున్న చీర నేసింది గూడ జానయ్యనే. వాళ్ల గురించి పేపర్ల రాయలే, గంతే."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "వీళ్లంత జానయ్యలు ఎట్లయిన్రో ఎరికేనా నీకు? వాళ్లమ్మలు గూడ పోగొట్టుకున్నంకనే దర్గాకు పోయిన్రు."

"ఏం పోగొట్టుకొని?"

"పిల్లలను."

జానయ్య సిరాబుడ్డి నేల మీద పెట్టాడు.

"నీకంటె ముందు ముగ్గురు. ముగ్గురు మొగపిల్లలే. మీ నాయిన అయ్యగారిని అడిగి మంచి మంచి పేర్లు వెట్టించిండు. ఒక్కడు గూడ పేరు వెట్టి పిలిస్తే తిరిగి చూసేదాక బతకలే. నువ్వు కడుపుల ఉన్నప్పుడు జానపహాడుకు నడిచిపోయిన. బతికితే జానయ్య అనే పిలుస్తనన్న. ఆరు నెలల పిల్లగానివి, బొంత మీద పండుకొని ఉంటివి. నేను గడప కాడికెల్లి జానయ్యా అన్న. మెడ తిప్పి చూసినవు. గా రోజు పొలం పోలే, పొయ్యి ముట్టియ్యలే. ఊకె పిలుస్తనే ఉన్న."

ఆమె సిరాబుడ్డి దగ్గరికి జరుపుకుంది. "తే, వేస్త. బతికినవు, నాకదే చాలు. ఇగ నీ పేరు నీ ఇష్టం."

తల్లి బొటనవేలు సిరాలో ముంచుతుంటే జానయ్య ఆ చేతిని పట్టుకున్నాడు. ఆయన చొక్కా చేతికి నల్లగా మరక అంటింది.

"వద్దమ్మా. ఆఫీసరు మళ్ల అడిగితే ఇదే చెప్త. నవ్వితే నవ్వనీ."

అండాలు పొయ్యి దగ్గరే నిలబడి కడుపు మీద చేయి పెట్టుకుంది. పుట్టబోయే బిడ్డకు ఏం పేరు పెడదామని తాను అడిగినప్పుడల్లా అత్త ఎందుకు లేచి బయటికి వెళ్లేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ అది తనమీద అయిష్టమనే అనుకుంది.

జానయ్య తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "వాళ్ల పేర్లేంది అమ్మా?" అని అడిగాడు.

నర్సింగమ్మ ఆ పేర్లు నోటికి తెచ్చి ముప్పై ఏళ్లు కావస్తోంది.

"పెద్దోడు రాజలింగం" అంది చివరికి. "నడిపోడు రంగనాథం."

"చిన్నోడు మాధవులు" అంటూ నర్సింగమ్మ సిరా అంటిన చేత్తోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. అండాలు వచ్చి ఆమె పక్కన కూర్చుని భుజం మీద చేయి వేసింది.

జానయ్య ఆ మూడు పేర్లనూ మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి, తానూ పలికాడు. తల్లికి ఒక్కగానొక్క కొడుకునని ఇన్నేళ్లూ అనుకున్నవాడు, ఆ పొద్దున ఆ ఇంట్లో నాలుగోవాడయ్యాడు.