చావు పద్యానికి వన్స్‌మోర్

సినిమావాళ్లకి ఒక పట్టింపు ఉంది. చచ్చిపోయినట్టు నటించినవాడిని షాట్ అయ్యాక ఊరికే లేపి పంపించరు. కెమెరా ముందు కూర్చోబెట్టి ఒక్కసారి నవ్వించి, ఆ నవ్వు కూడా తీస్తారు. దాన్ని సినిమాలో ఎక్కడా వాడరు. నవ్వు షాట్ అంటాం మేం. అది తీశాకే మెడలో దండ తీసి, దిష్టి తీసి, మనిషిని ఇంటికి పంపిస్తారు. భీమశంకరంగారికి ఆ షాట్ మీద ఉన్నంత పట్టుదల ఇంక దేనిమీదా ఉండేది కాదు.

నా పేరు నాగరత్నం. ఉండేది తాడేపల్లిగూడెంలో. నాటకాల్లో ఆయన పక్కన రాణిగా, సినిమాల్లో ఆయనకి భార్యగా, ఒక సీరియల్లో అయితే తల్లిగా కూడా వేశాను, నాకంటే పదేళ్లు పెద్దాయనకి. బయట మేం ఒకరికొకరం ఏమీ కాము. భార్య అచ్చాయమ్మగారు పోయాక ఆయన పెంటపాడు నుంచి బస్సెక్కి రోజూ మా ఇంటికి వచ్చి కాఫీ తాగి, చక్కెర ఎక్కువైందని చెప్పి వెళ్లేవారు. దానికి ఊరు తనకి తోచిన పేరు పెట్టుకుంది. పెట్టుకోనీ. ఆ కాఫీ వేళ కోసమే నేను పొద్దున్నే లేచేదాన్ని. ఇప్పుడింక దాచుకోవడం దేనికి?

వాళ్లది పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. తండ్రి మంత్రాలు నేర్పితే, కొడుకు ఆ గొంతు పట్టుకెళ్లి ఏలూరు స్టేజీల మీద పద్యాలు పాడాడు. తర్వాత మద్రాసు, ఆ తర్వాత హైదరాబాదు. అక్కడ ఆయన గొంతు ఎవరికీ పట్టలేదు. లోపలికి పోయిన బుగ్గలూ బక్క ఒళ్లూ చూసి చంపడం మొదలుపెట్టారు. హీరోకి తండ్రిగా చచ్చిపోయారు, హీరోయిన్‌కి తాతగా చచ్చిపోయారు. దండ వేసిన ఫొటోగా గోడలకి వేలాడారు. బతికున్న వేషం ఒక్కటి కూడా తన మొహాన రాసిపెట్టి లేదని వాపోయేవారు. "చూశావా రత్నం, ఈ సినిమాలో కూడా ఇంటర్వెల్ దాకా ఉంచలేదు" అనేవారు. నన్ను రత్నం అని పిలిచేది లోకంలో ఆయన ఒక్కరే.

స్టేజీ మీద చావు వేరు. మా కంపెనీ నాటకంలో రాజు యుద్ధంలో దెబ్బతిని, రాణి ఒళ్లో తల పెట్టుకుని, ఒక పద్యం పాడి ప్రాణం వదులుతాడు. పద్యం అయ్యేసరికి జనం వన్స్‌మోర్ అని కేకలు వేసేవాళ్లు. చచ్చిపోయిన రాజు లేచి కూర్చుని, అదే పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేవాడు. చదువుకున్నవాళ్లు నవ్వేవారు గానీ మాకు అది మర్యాద. కళ్లు మూసుకున్నాయనకి నేనే చెవి దగ్గర వంగి "లేవండి, వన్స్‌మోర్ అంటున్నారు" అని చెప్పేదాన్ని. ఆయన ఒక్కనాడు కాదనలేదు. మరీ గొంతు పోయేలా ఉంటే నేను కొంగు ఎత్తి తెర లాగేవాడికి సైగ చేసేదాన్ని. తెర పడ్డాక ఇక ఎవరూ అడగరు.

కొల్లేటి లంకల్లో ఆడితే జనం దోనెలెక్కి వచ్చేవాళ్లు. ఒకసారి అక్కడ తెర కట్టడానికి కుదరలేదు. నాలుగు రాటలు పాతి పందిరి వేశారంతే. వాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఈయన పాడుతూనే ఉన్నారు. ఆ ఆలస్యంలో ముసలీ పిల్లాతో బయల్దేరిన దోనె ఒకటి ఇంటికి చేరలేదు. అప్పటినుంచి ఆయన ఆ నీళ్లవైపు ఏ నాటకానికీ వెళ్లలేదు, ఆ పద్యం మళ్లీ పాడనూ లేదు. ముప్పై ఏళ్ల పైమాట.

మళ్లీ వెళ్లింది కౌండిన్య తీసే సినిమా కోసం. ఏలూరు అబ్బాయి, డైరెక్టరుగా మొదటి సినిమా, మర్యాద తెలిసినవాడు. కథంతా శంకరంగారిదే. చేపల చెరువుల మధ్య ఒంటరిగా బతికే ముసలి రైతు. ఆఖర్న మాత్రమే పోతాడు. అప్పుడు వచ్చి ఏడ్చే చెల్లెలి వేషం నాది. డెబ్బై ఎనిమిదేళ్లకి దొరికిన బతికున్న వేషం అది. షూటింగు కొల్లేటి పక్కనే, కలిదిండి వైపని తెలిసి చాలారోజులు నాన్చి, చివరికి వేషం మీద ఆశ చంపుకోలేక ఒప్పుకున్నారు. ఆఖరి రోజున నవ్వు షాట్ దగ్గరుండి తీయిస్తానని నాచేత మాట తీసుకున్నారు. ఇచ్చాను.

ఆఖరి రోజు రానే వచ్చింది. చలికాలం. చెరువు గట్టు మీద తాటాకు షెడ్డు ముందు ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. ముక్కుల్లో దూది, నుదుటి మీద రూపాయి బిళ్ల, మెడలో బంతిపూల దండ, తల దగ్గర దీపం. కాళ్ల దగ్గర మడతపెట్టిన తెల్లగుడ్డ. చేపల మేతకి కలిపిన తవుడు వాసన, బురద వాసన, ఆ రెండింటి కింద బంతిపూల వాసన. ఎక్కడో రొయ్యల చెరువులో ఏరేటర్లు నీళ్లు చిలుకుతున్న చప్పుడు. గూడబాతులు గుంపులుగా గూళ్లకి మళ్లుతున్నాయి. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడవాలి. పట్టుకున్నాను. చల్లగా తగిలింది. మంచు దిగే వేళ కదా అనుకుని ఏడ్చాను.

కౌండిన్య కట్ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలోనే జనరేటర్ ఆగిపోయింది. పొద్దు అప్పటికే కుంకింది. నీళ్ల మీంచి పొగమంచు లేచి గట్టెక్కుతోంది. నవ్వు షాట్ మాటేమిటని అడిగాను. వెలుతురు లేదు, రేపు పొద్దున్నే మొదట అదే తీస్తానన్నాడు. ఇది రేపటికి వాయిదా వేసేది కాదని గట్టిగానే చెప్పాను. పాపం వాదించలేదు. రోడ్డు మీద కారులో బ్యాటరీ లైటు ఉంది, ఇప్పుడే తెస్తాను, దండ అవీ కదపకండి అని చెప్పి వెళ్లాడు. మిగతావాళ్లు మంచు చిక్కబడేలోగా సామాన్లు రోడ్డుకి చేర్చాలని అతని వెనకే నడిచారు. ఆ గట్టు మీదికి బండ్లు రావు.

ఇద్దరం మిగిలాం.

మామూలుగా కట్ అనగానే కళ్లు తెరవకుండానే కాఫీ అడిగే మనిషి. ఇవాళ అడగలేదు.

"శంకరంగారూ. లేవక్కర్లేదు. కళ్లు తెరవండి చాలు."

"అయిపోయిందా రత్నం?"

హమ్మయ్య అనుకున్నాను. పెదాలు కదిలినట్టు లేదు. మంచులో సరిగ్గా కనపడలేదులే అని సర్దిచెప్పుకున్నాను.

"నవ్వు షాట్ ఉందండి. లైటు తెస్తున్నాడు."

"నవ్వు రావడం లేదే."

ఆ తర్వాత మాట లేదు. నేను వదిలే ఊపిరి దీపం వెలుగులో పొగలా కనిపిస్తోంది. ఆయన ముక్కు దగ్గర ఏమీ లేదు... దూది కూడా కదలడం లేదు. గుండె మీద చెయ్యి వేశాను. చెవి ఆనించాను. బంతిపూలు నలిగాయి. లోపల చప్పుడు లేదు.

కౌండిన్యని కేకేశాను. నా కేక మంచులో నాలుగడుగులు కూడా వెళ్లలేదు. పరిగెడదామంటే బురద గట్టు, ఆయన్ని ఒక్కణ్నీ వదలాలి. ఏం చెయ్యాలో తోచలేదు. జీవితమంతా ఏం చేస్తే ఈ మనిషి లేచాడో అదే చేశాను. తల ఒళ్లోకి తీసుకుని, చెవి దగ్గర వంగి అన్నాను.

"లేవండి. వన్స్‌మోర్ అంటున్నారు."

ఏరేటర్ల చప్పుడు ఆగిపోయింది.

"వన్స్‌మోర్."

నేను కాదు. నీళ్ల మీంచి. మగ గొంతు... నెమ్మదిగా. పక్కనే ఇంకొకటి, ముసలావిడది. ఆ వెనక చిన్నపిల్ల గొంతు. తెడ్డు నీళ్లలో పడిన చప్పుడు.

ఆయన లేచారు.

రూపాయి బిళ్ల జారి చాప మీద పడింది. ముక్కుల్లో దూదితోనే పద్యం ఎత్తుకున్నారు. ముప్పై ఏళ్ల వయసులో ఉన్న గొంతు, ఒక్క పిసరు తగ్గలేదు. ఒక్క క్షణం నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మనిషి దక్కాడనుకున్నాను. పద్యం ఆఖరికి వచ్చాక కళ్లలోకి చూశాను. ఆ కళ్లు పాడడం లేదు. నన్నే చూస్తున్నాయి. బతిమాలుతున్నట్టు.

వెనక్కి ఒరిగారు. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. స్టేజీ మీద ఎన్నడూ చేయని చప్పుడు. అది నటన కాదు. మా అమ్మ పోయినప్పుడు విన్నాను దాన్ని.

నీళ్ల మీంచి ఈలలు.

"వన్స్‌మోర్."

మళ్లీ లేచారు... మళ్లీ పాడారు... మళ్లీ ఆ చప్పుడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు.

అప్పుడు తెలిసింది నాకు. ఏ పద్యానికి వన్స్‌మోర్ అంటే ఆ పద్యమే తిరిగొస్తుంది. నేను అడిగింది చావు పద్యాన్ని. ప్రాణం రాలేదు, చావొక్కటే మళ్లీ మళ్లీ వస్తోంది. కాదనడం ఆయనకి చేతకాదు.

"వన్స్‌మోర్." ఇప్పుడు దగ్గరగా. గట్టు అంచు దగ్గర.

లేవబోతూ నా చెయ్యి పట్టుకున్నారు.

"రత్నం... తెర."

తెర ఎక్కడుంది? కాళ్ల దగ్గర తెల్లగుడ్డ ఉంది. అది మొహం మీద కప్పితే ఆయన పోయినట్టే. నా చేత్తో నేనే పంపించేసినట్టే. కప్పనంతసేపూ లేచి కూర్చునే మనిషి ఒకరున్నారు. రేపు కాఫీలో చక్కెర ఎక్కువైందంటారేమో. గుడ్డ పట్టుకున్నాను. చెయ్యి ఆడలేదు. ఈలోగా ఆయన పద్యం అందుకున్నారు. గొంతు జీరపోయింది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

కప్పేశాను.

పద్యం మధ్యలో ఆగింది. గుడ్డ కింద ఏమీ కదల్లేదు. నీళ్ల మీద ఈల లేదు, చప్పట్లు లేవు. దోనెలు తిరిగి వెళ్లిన చప్పుడు కూడా వినపడలేదు. ఎంతసేపు విన్నా వినపడలేదు.

కౌండిన్య లైటు పట్టుకుని వచ్చేసరికి నేను గుడ్డ అంచులు అదిమిపట్టుకుని కూర్చున్నానట. ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు చూసి, మధ్యాహ్నమే ప్రాణం పోయి ఉండాలన్నాడు. ఆఖరి షాట్‌కి ముందు ఎలా ఉన్నారు బాబాయిగారూ అని తను అడిగితే బాగానే ఉన్నానని బదులిచ్చారని కౌండిన్య ఒట్టు వేశాడు. పెంటపాడులో దహనం చేశారు. నవ్వు షాట్ తీయలేదు.

సినిమా ఇంకా విడుదల కాలేదు. నివాళిగా ఉంటుందని కౌండిన్య ఆ ఆఖరి షాట్ ఒక్కటీ ఫోన్లలోకి వదిలాడు. మొన్న ఫోన్ చేసి ఏడుస్తూనే సంతోషపడ్డాడు. లక్షలమంది చూస్తున్నారట. ఒకసారి చూసి ఊరుకోవడం లేదట, మళ్లీ మళ్లీ పెట్టుకుని చూస్తున్నారట. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేశాను. బతికున్న వేషం అంతా వదిలేసి, ఇదొక్కటే వదిలాడు.

నిన్న పొద్దున పాలు పోయడానికి వచ్చిన పుష్పమ్మ గుమ్మంలో కూర్చుని తన ఫోన్ నా చేతికిచ్చింది.

"ఎంత బాగా పాడేరండీ అయ్యగారు" అంది.

ఆ షాట్‌లో పద్యం లేదు. ఆయన శవంలా పడుకుని ఉంటారు, నేను ఏడుస్తుంటాను. అంతే. ఇప్పుడూ నాకు అంతే కనిపించింది, నా ఏడుపే వినిపించింది. ఏం పాడారని అడిగాను. పాల క్యాను మూత బిగిస్తూ పుష్పమ్మ కూనిరాగం తీసింది. అదే పద్యం. ఆయన ఎక్కడ సాగదీసేవారో సరిగ్గా అక్కడే సాగదీసింది. పుష్పమ్మకి ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

"పాట అయ్యాక మీకేసి చూసి ఏదో అంటారండి. రత్నం, తెర... అంటారు. తెరేంటండీ?"

తెర మీద ఆయన మొహం తెరిచే ఉంది. గుడ్డ కాళ్ల దగ్గర మడతపెట్టే ఉంది. అరచెయ్యి తీసుకెళ్లి ఆ మొహం మీద అదిమిపెట్టాను. అద్దం చల్లగా ఉంది. చెయ్యి తీయకూడదనుకున్నాను.

ఏడుస్తున్నాననుకుంది పుష్పమ్మ. మంచి మనిషి. నా వేళ్లు ఒక్కొక్కటే మెల్లిగా పక్కకి తీసింది.

"ఉండండి అమ్మగారూ" అంది, "మళ్లీ పెడతాను."