క్వారీ గుంతలో మూలుగు

ఐరాలకు రెండు మైళ్ల దూరంలో మూతపడిన రాతి క్వారీ ఒకటి ఉండాది. రాయి తీసిన గుంతలో వాననీళ్లు నిండిపోయి, అడుగు యాడుండాదో ఎవరికీ తెలీదు. పొద్దుగూకినాక ఆ దావన ఎవరూ పోరు. పోయొచ్చినోళ్లు చెప్పేది ఒకటే మాట — నీళ్లలో ఎవరో మూలుగుతా ఉంటారని. గొంతు పూడుకుపోయిన మనిషి మూలిగినట్టు...

మూడేండ్ల కిందట మునిచంద్ర అనేటాయన ఆ గుంతలోనే పోయినాడు. చెడిపోయిన మోటరు పైకి తీయడానికి దిగి, కాలు జారినాడు. శవం రెండో దినం తేలింది. అందుకే ఈ మధ్య మూలుగు మొదలైనప్పుడు, ఊరంతా ఆయప్పే అనింది.

ఆయప్ప పెండ్లాం ధరణి. బాతులు సాకి, గుడ్లు అమ్ముకోని బతికేది. ఎండాకాలం ఆ చుట్టుపక్కల నీళ్లుండేది ఆ ఒక్క గుంతలోనే. ఊరోళ్లు మొగం తిప్పుకునే చోటికి ఆమె దినమూ పోక తప్పేది కాదు.

ఆ ఎండాకాలం బాతుపిల్లలు తగ్గడం మొదలైంది. ఒకనాడు రెండు, ఇంకోనాడు నాలుగు. నక్క తినింటే ఈకలన్నా పడుండాల. ఏమీ లేదు. నీళ్ల మీద ఒక సుడి... అంతే. గుంతలో కుప్పలుగా ఉండిన జిలేబి చేపలు కూడా ఒక్కటీ కనపడ్లేదు.

అత్త పంకజాక్షి గొంతు తగ్గించి చెప్పింది. "వాడే మే. నా కొడుకు ఆకలితో ఉండాడు. నేను దినమూ ముద్ద యేసొస్తానే ఉండా. వానికి సాల్లేదు."

"ముద్ద యేసొస్తా ఉండావా? ఎప్పట్నుంచి అత్తా?"

"ఆర్నెల్లాయ. గట్టు మీద నిలబడితే సాలు... నీళ్లు కదుల్తాయి. వస్తాడు."

ధరణికి వెన్నులో చలి పుట్టింది. కానీ ఆమెను కూర్చోనీకుండా చేసింది భయం కాదు, 'ఆకలి' అనే ఆ మాట. మొగుడు పోయిన పొద్దున చిన్నమాటకు అలిగి, ఆమె సద్ది కట్టీలేదు. ఆయప్ప వట్టి చేతుల్తోనే క్వారీకి పోయినాడు.

మర్నాడు చీకటి పడతానే, సంగటి ముద్ద, ఎండుచేపల పులుసు గిన్నెలో పెట్టుకోని బయల్దేరింది.

గట్టు మీద గాలి లేదు. కప్పలు కూడా అరవలేదు. సెల్లు లైటు నీళ్ల మీద పెట్టింది — నల్లగా, నున్నగా, కదలకుండా ఉండాయి. ఆమె ఒక అడుగు కిందికి వేసింది. ఇంకో అడుగు.

"ఊఁ..."

ధరణి అడుగు ఆపింది.

"నువ్వేనా?" గుసగుసగా అడిగింది. "సద్ది తెచ్చినా... తిను."

ముద్ద నీళ్లలోకి వదిలింది. నీళ్లు ఉబ్బినాయి. ముందు మీసాలు వచ్చినాయి — మూరెడేసి పొడుగు, నీళ్లను తడుముకుంటా. ఆ వెనకే ఒక నోరు తెరుచుకుంది. చేటంత నోరు! ముద్ద మాయమైపోయింది. కుంకం పూసినట్టుండే ఎర్రని తోక ఒకటి ఫెళ్లుమని నీళ్లను కొట్టింది...

గిన్నె యాడ పడిందో, ఇంటికెట్ల వచ్చిందో ధరణికి తెలీదు.

మర్నాడు ఆమె చెప్పింది విని నలుగురు మొగోళ్లు ధైర్యం చేసి పోయి, సెల్లులో వీడియో తీసినారు. అది చేతులు మారి, తిరుపతిలో రంగుచేపల అంగడి పెట్టుకున్న జుల్ఫికర్ కంటపడింది. మూడో దినం ఆయన వలలూ డ్రమ్ములూ వ్యానులో యేసుకోని, తలొంచుకోని ఊర్లోకి వచ్చినాడు.

"తప్పు నాదే అక్కా," అన్నాడు ధరణితో. "దీన్ని రెడ్‌టెయిల్ అంటారు. మన వాలుగ మాదిరే, పరాయి దేశం ఏటి చేప. తెచ్చినప్పుడు వేలెడంత. అద్దాల తొట్టిలో పక్కనున్న చేపల్నంతా మింగేసి, మూరలు మూరలు పెరిగింది. రాత్రయితే అద్దాన్ని గుద్దేది. చంపడానికి చెయ్యి రాక ఈడ వదిలేసినా. ఇట్ల చెయ్యకూడదు... తెలిసే చేసినా."

"మూలిగేది?"

"ఇదే. అంగట్లో కూడా మూలిగేది. మనిషి అడుగు సప్పుడైతే మేత పెడతారని పైకొస్తాది. సిన్నప్పట్నుంచి అలవాటు."

రెండు దినాలు తిప్పలు పడి, ఎనిమిది మంది కలిసి దాన్ని గట్టుకు లాగినారు. తడి గోనెపట్టల్లో చుట్టి ఎత్తుతా ఉంటే "ఊఁ..." అని మూలిగింది. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. పంకజాక్షి మాత్రం నేల మీద కూలబడింది. "ఆర్నెల్లు... చేపకా నేను ముద్దలేసింది?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ధరణి ఆమెను లేపి, కండ్లు తుడిచి ఇంటికి పంపించింది.

జుల్ఫికర్ డ్రమ్ము మూత బిగించి, బాతుపిల్లలు కొనిస్తానని చెప్పి వ్యాను ఎక్కబోయినాడు. ధరణి దగ్గరికొచ్చి, ఇంకెవరికీ వినపడకుండా అడిగింది.

"అప్పా... ఈ చేప పేరు పెట్టి పిలుస్తాదా?"

ఆయన నవ్వినాడు. "చేపకు మాటలెట్లొస్తాయి అక్కా? వట్టి మూలుగే."

ధరణి నవ్వలేదు. గుంత పక్కకు చూడకుండా, ఇంకా గొంతు తగ్గించింది.

"మరి ఆ రాత్రి నేను గట్టెక్కి పరిగెత్తతా ఉంటే... 'ధరణీ, నిదానంగా పో' అని ఎనక నుంచి అనిందెవరు?"