మంజులత ఒత్తిన మొహాలు

సుచరిత పొద్దున్నే లేచి తలంటుకుని, బట్టలు సర్దుకుంటూ గొంతెత్తి పాడుతోంది. హైదరాబాదులో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం! రేపే చేరాలి, సాయంత్రమే రైలు. వంటింట్లో జొన్నరొట్టెలు తడుతున్న తల్లి మంజులత మాత్రం ఆ పాటలో ఎక్కడైనా ఏడుపు జీర ఉందేమోనని చెవి రిక్కించి వింటోంది. నిరుడు ఇదే పిల్ల అన్నం మానేసి, గోడవైపు తిరిగి పడుకుంది మరి. మహబూబ్‌నగర్ డాక్టరు మందులతోనే మళ్లీ మనిషైంది.

అంతలో సుచరిత ఫోన్ మోగింది. దవాఖాన నుంచి సమీరా సిస్టర్.

"సుచరితా, ఎట్లున్నవ్ రా? ఆప్‌ల రోజూ ఏడుపు మొహమే వస్తాంది. నిద్ర లేదని వస్తాంది. డాక్టర్ సాబ్ ఫికర్ చేస్తుండు. నౌకరి సంగతి తర్వాత, ఇయ్యాల్నే రమ్మన్నడు."

"ఆప్‌లనా? నేను దాన్ని ముట్టనే లేదు సిస్టర్!"

రోజూ పొద్దున నిద్ర పట్టిందా, మనసెలా ఉంది అని అడిగి, ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా ఉన్న వరుసలో ఒకటి ఒత్తమనే ఆప్ అది. నిరుడు సుచరిత వద్దంటే సిస్టర్ దాన్ని మంజులత ఫోన్లో వేసి, "బిడ్డను అడిగి మీరే ఒత్తున్రి" అని చెప్పింది.

సుచరిత వంటింట్లోకి దూసుకొచ్చింది. "అమ్మా! నా పేరు మీద ఏడుపు మొహాలు నువ్వే ఒత్తుతున్నవా?"

"ఒత్తకపోతే నీకు మందులియ్యరేమోనని..."

"నన్ను అడిగి ఒత్తాలె గద!"

"ఎట్ల అడుగుత బిడ్డా? పోయిన రోగాన్ని పేరు పెట్టి పిలిస్తే ఎనక్కి తిరిగొస్తదని మీ అవ్వ అంటుండె."

గుమ్మంలో గడ్డం గీసుకుంటున్న తండ్రి గుర్వయ్య నవ్వాడు. "నాకు ఫోన్ చెయ్యమంటే బటన్ దొరకదంటవ్. గిది మాత్రం రోజూ ఒత్తినవా?"

"నవ్వకు బాపూ! నా నౌకరి పోయేటట్టుంది. నేను మంచిగనే పండుకుంటున్న గద! దేన్ని చూసి ఒత్తినవే అమ్మా?"

పెనం మీద రొట్టె మాడుతోంది. మంజులత దాన్ని తిప్పలేదు.

"రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతది. నువ్వు జర మెసిలినా నాకు గుండె దడ. పట్టలేదని ఒత్తిన. భయమైతుందా అంటది. అయితుండె. అయితుందని ఒత్తిన. గిన్నొద్దులల్ల నన్ను గట్ల ఎవలడిగిన్రు బిడ్డా?"

గుర్వయ్య నవ్వు ఆగిపోయింది. సుచరితకు అప్పుడు అర్థమైంది. అవన్నీ అమ్మ మొహాలు! తన రోగం తనను వదిలి అమ్మలో కూర్చుందని ఇంట్లో ఒక్కరూ చూడలేదు. తల్లిని గట్టిగా వాటేసుకుని, ఏడుస్తూనే ఫోన్ తీసింది.

"సిస్టర్, నేను మంచిగున్న. అసలు పేషెంట్‌ను పట్కొస్తున్న!"

దవాఖానలో డాక్టరు తల్లీకూతుళ్లిద్దరితోనూ చాలాసేపు మాట్లాడాడు. సుచరితను నిశ్చింతగా ఉద్యోగంలో చేరమన్నాడు. మంజులతకు మందు రాశాడు. సమీరా సిస్టర్ ఎవరి ఫోన్లో వారి పేరుతో ఆప్ వేసింది. ఈసారి సుచరిత కాదనలేదు.

సాయంత్రం రైలు కదులుతుంటే సుచరిత కిటికీలోంచి అరిచింది. "రేపటి సంది నాది నేనొత్త, నీది నువ్వొత్తు. దొంగ మొహాలు ఒత్తితే చూడు!"

తెల్లారి ఫోన్ మోగగానే మంజులత పిండి చేతులతోనే ఎత్తింది.

"అమ్మా, నాది నవ్వు మొహం! నీదేందే?"

"నడిమిది బిడ్డా," అంది మంజులత కళ్లు తుడుచుకుంటూ. అంతలోనే గొంతు పెంచింది. "నవ్వు మొహానికి పక్కదే!"