రంగుల గది తలుపు

ఆ వీధి చివర ఒక రంగుల గది ఉండేది. ఒకప్పుడు నూలుకి రంగులద్దిన గది, మూతపడి ఏళ్ళయింది. చీకటి పడ్డాక లోపలి నుంచి ఎవరో తలుపు కొడతారని చెప్పుకునేవాళ్ళు. ఎప్పుడో ఒక పిల్ల అందులో ఇరుక్కుని ప్రాణం వదిలిందట... ఏం వినబడినా తలుపు తీయకూడదట.

పిచ్చుకకి అప్పుడు తొమ్మిదేళ్ళు. చొక్కాలకి గుండీలు కుట్టే ఆవిడ కూతురు. అక్కడ అన్నీ గోడకి గోడ ఆనుకున్న ఒంటిగది ఇళ్ళు. ఒకింట్లో తుమ్మితే మూడో ఇంట్లోంచి "జలుబు చేసిందా?" అని అడిగేవాళ్ళు. అలాంటి చోట దాగుడుమూతలాడితే దాక్కోడానికి చోటెక్కడిది? ఆ సాయంత్రం అన్నకి మూడుసార్లు దొరికిపోయి, ఉక్రోషం పట్టలేక రంగుల గదిలో దూరింది.

తలుపు దగ్గరికి లాక్కుంది. బయట గొళ్ళెం టక్కున పడింది.

ముందు నవ్వొచ్చింది. తోసింది... కదల్లేదు. కిటికీ లేదు. పైకప్పు కింద చిన్న కన్నంలోంచి వచ్చే వెలుతురు కూడా కాసేపటికి పోయింది.

కొట్టింది. అరచేతులు మండేదాకా కొట్టింది.

బయట ఆట ఆగిపోయింది. "విన్నారా..." అన్న గొంతు. వెంటనే పరుగులు. వీధి పొడవునా తలుపులు మూసుకున్నాయి. ఏ తలుపు ఎవరిదో చప్పుడుని బట్టే తెలుసు పిచ్చుకకి. కీచుమంటూ మూసుకున్నది తమది — గోడ అవతలే.

"అమ్మా, నేనే..." అంది.

గోడ అవతల అమ్మ గుసగుస. "తెలిసిన గొంతుతోనే పిలుస్తుంది. పలక్కు."

"చెల్లి ఏదమ్మా?" అన్న అడిగాడు.

"పిన్ని వాళ్ళింట్లో తిని పడుకుని ఉంటుందిలే."

ఆ వీధి పిల్లలకి అదే అలవాటు. ఎవరింట్లో ఆకలేస్తే అక్కడే తిండి, ఎక్కడ నిద్రొస్తే అక్కడే పడక. తెల్లారేదాకా తనని వెతికేవాళ్ళు లేరని పిచ్చుకకి అప్పుడర్థమైంది. మళ్ళీ కొట్టింది. పిలిచింది. గొంతు బొంగురుపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూలబడింది.

చప్పుడు మాత్రం ఆగలేదు.

పక్కనే... తలుపుకి కింది భాగాన... టక్. టక్.

ఊపిరి బిగబట్టి గోడకి అతుక్కుపోయింది. ఎంతసేపో తెలీదు. తలుపు కింద దీపం వెలుగు పడింది. గొళ్ళెం పైకి లేచింది. గుమ్మంలో వీధి మొదట్లో ఉండే ఇస్త్రీ ముసలమ్మ.

పిచ్చుక ఒక్క ఉదుటున వెళ్ళి ఆమె నడుం పట్టేసుకుంది. "నీకు భయం వెయ్యలేదా మామ్మా?"

"ఇక్కడ పోయింది మా చెల్లెలేనే. ఆ రాత్రి చప్పుడు విన్నాను. పలకొద్దంది మా అమ్మ... పలకలేదు. అప్పట్నించీ ఎప్పుడు వినబడినా వచ్చి తీస్తున్నాను. ఎవరూ ఉండరు. ఇవాళ నువ్వున్నావు."

"ఇంటికి పోదాం మామ్మా."

ముసలమ్మ కదల్లేదు. తలుపు అలాగే పట్టుకుని, దీపం కాస్త కిందికి దించి, లోపలి చీకట్లోకి చూస్తోంది.

"ఉండవే," అంది మెల్లగా. "కొట్టింది ఇద్దరు. రెండోదాన్ని కూడా రానీ."