పోలేశ్వరి స్వరముద్ర

సేవాకేంద్రం మూడో గదిలో ఒక పెద్దాయన చొక్కా పై గుండీలు విప్పి, గడ్డం పైకెత్తి కూర్చున్నారు. ధరణి సంధానకమనే చిన్న పరికరాన్ని ఆయన మెడకు ఆనించి, అక్కడ స్వరపేటిక బదులు అమర్చిన కంఠిక మీద పచ్చచుక్క వెలిగేదాకా ఆగింది. గాజుపలక మీద వివరాలు తేలాయి. పేరి సూర్యప్రకాశం, విశ్రాంత అధ్యాపకులు, రెండో తరం కంఠిక, విరమణ.

"పాత గొంతుతో ఏమైనా చెప్పుకోవాలనుంటే ఇప్పుడే చెప్పండి మాస్టారూ," అంది ధరణి. ఆ మాట స్వరధార సంస్థ నేర్పింది కాదు. ఈ పనిలో చేరిన కొత్తలో ఎవరో కాసేపు గడువు అడిగారు. అప్పటినుంచి అందరికీ ఇస్తోంది.

ఆయన ఆలోచించారు. "ఏం చెప్పాలో తోచడం లేదమ్మా. బతుకంతా పిల్లలకి వ్యాకరణం చెప్పాను. సంధులు చెప్పనా?" అని నవ్వారు. కంఠిక ఆ నవ్వును కూడా ఆయన నవ్వులాగే పలికింది, చివర చిన్న దగ్గుతో సహా.

ధరణి విరమణ ఆదేశం పంపింది. పచ్చచుక్క ఆరింది. మెడలోని గూటి నుంచి పాత కంఠికను తీసి, కొత్తది అమర్చింది. కవాటం రెండుసార్లు మూసుకుని తెరుచుకుంది.

"ఇప్పుడు మాట్లాడండి."

"నా పేరు సూర్యప్రకాశం," అంది ఒక గొంతు. చక్కటి గొంతు, ఆరోగ్యంగా ఉన్న నడివయసు మనిషిది. సంస్థ దానికి ప్రశాంతం అని పేరు పెట్టింది. ఆ వారం కాకినాడలో మగవాళ్లు చాలామంది ఆ గొంతుతోనే ఇళ్లకు వెళ్లారు.

మాస్టారు గదిలో ఇంకెవరో ఉన్నట్టు పక్కకి చూశారు. తర్వాత మెల్లగా అడిగారు. "పాతది ఏమవుతుందమ్మా?"

"భద్రంగా ఉంటుందండి."

ఇది సంస్థ నేర్పిన మాట. ఆయన దండం పెట్టి వెళ్లాక ధరణి పాత కంఠికను ఉక్కుపెట్టెలో వేసి మూత పెట్టింది. లోపల తేనెటీగ తిరిగినట్టు కాసేపు రొద వినిపించి ఆగిపోయింది. అంతటితో అందులో ఉన్న మాస్టారి గొంతు, ఆయన స్వరముద్ర, చెరిగిపోయింది.

కంఠికలను మొదట తయారుచేసిన సంస్థ ఇప్పుడు లేదు. దాన్ని స్వరధార కొనేసింది. పాత కంఠికల్లో ఎవరి గొంతును వారికే పోతపోసి పెట్టేవారు. కొత్త వాటిలో స్వరధార సొంత గొంతులు తప్ప మరేవీ ఇమడవు. వీటిని ఉచితంగానే ఇస్తోంది, కాకపోతే పాతవి అప్పగించాలి. అప్పగించనివాళ్ల కంఠికలు నెలాఖరుకు మూగపోతాయి. ఊపిరి, మింగుడు మామూలుగానే సాగుతాయి, మాట మాత్రం ఉండదు.

"తరవాతివారు," అని పిలిచింది ధరణి.

ఇద్దరు వచ్చారు. పెద్దామె యాభై దాటిన మనిషి. పేరు ఓలేటి నూకరత్నం. తేలురేవులో చేపల వేలం పాడుతుంది. వెంట వచ్చిన అమ్మాయి ఆమె చెల్లెలి కూతురు లోవకుమారి. అదే రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తుంది. గోళ్ల కింద నల్లటి మడ్డి.

"కూర్చోండమ్మా. పై హుక్కు తియ్యండి," అంది ధరణి.

నూకరత్నం కూర్చోలేదు. "ఒక్క మాట అడుగుతానమ్మా," అంది. వయసులో ఉన్న మనిషి గొంతు అది. పలుచగా, కొసన కాస్త సాగుతూ, ఆమె ముఖానికి ఏ మాత్రం అతకకుండా ఉంది. ధరణి తలెత్తింది.

"ఇది నా గొంతు కాదమ్మా. మా సెల్లిది. పోలేశ్వరిది. జబ్బు ముదిరి నా గొంతు బొంగురుపోయాక ఆపరేషన్ అన్నారు. అప్పటికి నా మాట ఎక్కడా రికార్డు సేసుకోలేదు. ఎవరు సేసుకుంటారు? అక్కసెల్లెళ్ల గొంతుకలు దగ్గరగా ఉంటాయన్నారు డాక్టర్లు. అది గదిలో కూర్చుని, వాళ్లిచ్చిన కాయితాలన్నీ సదివి, నాకిచ్చింది."

"ఆమె కూడా వస్తే..." అనబోయింది ధరణి.

"పోయిందమ్మా. ఆ మరుసటేడే జొరమొచ్చి పోయింది."

లోవ గోడవైపు చూస్తూ నిలబడింది. నూకరత్నం ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "అది పోయాక నేను ఇంట్లో నోరు తెరవలేదు. నేను మాట్లాడితే దీనికి వాళ్లమ్మ మాట్లాడినట్టే ఉంటది గదా. సైగలతోనే బువ్వ పెట్టేదాన్ని, సైగలతోనే నిద్రపుచ్చేదాన్ని. ఓనాడు రేవులో ఇది బల్లకట్టు అంచుకి ఎల్లిపోయింది. ఒసేయ్ లోవా, అని అరిసేసాను. ఇది ఎనక్కి తిరిగి, అమ్మా, అంది." కంఠిక ఆ మాటను పలకలేక తడబడింది. "అప్పుడు మాట్లాడ్డం మొదలెట్టానమ్మా."

ధరణి చేతిలోని సంధానకం వేడెక్కి, వాడకానికి సిద్ధమన్నట్టు సన్నగా కూసింది.

"మాకు కొత్తది వద్దండి," అంది లోవ. "దీన్నే మాట్లాడనివ్వండి."

"నా చేతుల్లో లేదమ్మా."

"మరి ఎవరి చేతుల్లో ఉంది? కొన్నది మా పెద్దమ్మ. ఉన్నది ఆవిడ మెడలో. గొంతు మా అమ్మది. ఇందులో మీది ఏముందండి?"

మాటలు విని కేంద్రాధికారి రామభద్రరాజు గుమ్మంలోకి వచ్చారు. నెమ్మదస్తుడు, ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. లోవ అడిగినదాన్ని ఆయన తీసిపారెయ్యలేదు.

"లోపలి రాత మాదమ్మా," అన్నారు. "కంఠిక ఎలా నడవాలో చెప్పే రాత. దాన్ని వాడుకునే హక్కే మీకిచ్చారు."

"రాత చూపించండి. మాలో తెలిసినవాళ్లు చూసుకుంటారు. మా ఇంజను ఆగిపోతే తయారుచేసిన కంపెనీ లేదని సముద్రంలో కూర్చోం గదా. విప్పి చూసుకుంటాం."

"ఇంజను ఆగితే పడవ ఆగుతుంది. ఇది ఆగితే మనిషి ఆగుతాడు. ఈ కంఠిక మాట ఒక్కటే చూడదు, మింగేటప్పుడు ఊపిరిదారి మూసేదీ ఇదే. తుని దగ్గర ఒకాయనకి తెలిసినవాళ్లే ఎవరో విప్పి రాత మార్చారు. పాలు తాగుతుంటే కవాటం పడలేదు. ఆయన్ని నేను చూశాను తల్లీ. అందుకే తాళం వేసేది. నీకు ఇది పెత్తనంలా కనిపించొచ్చు."

"భద్రం కోసమైతే కవాటానికి తాళం వెయ్యండి. గొంతుక్కూడా ఎందుకండి?"

రాజుగారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ నిర్ణయం నాది కాదు," అని, ధరణి వైపు తిరిగారు. "కాస్త నచ్చజెప్పమ్మా. బయట చాలామంది ఉన్నారు." ఆయన వెళ్లిపోయారు.

గదిలో ముగ్గురే మిగిలారు. నూకరత్నం చివరికి కుర్చీలో కూర్చుని హుక్కు తీసింది. "పోనీలేవే లోవా. అక్కడ బేరం మానుకుని ఇక్కడ తగువులాడతామా?" అని, గడ్డం పైకెత్తి కళ్లు మూసుకుంది. "ఇదిగో, దీన్ని పిలవనియ్యండమ్మా ఒకసారి. లోవా. లోవమ్మా."

లోవ ఏడవలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ధరణి సంధానకాన్ని ఆనించింది. పచ్చచుక్క వెలిగింది. గాజుపలక మీద మూడు ఆదేశాలు కనిపించాయి. నవీకరణ, విరమణ, విడుదల. మూడోది కర్మాగారంలో పరీక్షలకోసం పెట్టినది. సేవాకేంద్రాల్లో దాని జోలికి పోకూడదని చేరిన మొదటిరోజే చెప్పారు. విడుదల నొక్కితే కంఠిక లోపలి రాతను తెరిచే ముద్రతాళాన్ని బయటపెట్టి, ఆ తర్వాత అది ఉన్న మనిషి మాట తప్ప మరెవరి మాటా వినదు.

విరమణ మీదికి వెళ్లిన వేలు అక్కడే ఆగిపోయింది.

"భద్రంగా ఉండదమ్మా," అంది ధరణి.

నూకరత్నం కళ్లు తెరిచింది.

"మీరు అడగలేదు. అయినా చెబుతున్నాను. పాత గొంతులు దాచడం లేదు. ఆ పెట్టెలో వేస్తే చెరిగిపోతాయి." ధరణి గాజుపలకను ఆమె వైపు తిప్పింది. "ఇంకో దారుంది. దీన్ని మీ పేర విడుదల చెయ్యొచ్చు. గొంతు మీతోనే ఉంటుంది. కానీ ఆ తర్వాత ఏ కేంద్రంలోనూ మిమ్మల్ని ముట్టుకోరు. కవాటానికి మెత్తటి పొర ఒకటుంటుంది. అది అరుగుతుంది. ఏడాదో, ఇంకొంచెం ఎక్కువో. కొత్త పొర ఇవ్వరు. రాజుగారు చెప్పింది అబద్ధం కాదు. పొర పోతే ప్రాణం మీదికొస్తుంది."

"వద్దు పెద్దమ్మా," అంది లోవ వెంటనే. అంతసేపు వాదించిన మనిషి ఆమె భుజం పట్టుకుంది. "కొత్తది పెట్టించుకో. అమ్మ గొంతు లేకపోతే లేకపోయింది. నువ్వుండు."

నూకరత్నం ఆ అమ్మాయి వంక చూసింది. "ఏడాది అంటున్నారు గదే. ఏడాదిలో నువ్వేదో ఒకటి సెయ్యలేవా? అంత ఇంజను విప్పుతావు." ధరణి వైపు తిరిగి, "విడిపించెయ్యమ్మా," అంది. "ఓసారి పోయినదాన్ని నా సేత్తో మళ్లీ సంపలేను."

ధరణి మూడో ఆదేశం నొక్కింది.

పచ్చచుక్క తెల్లబడింది. గాజుపలక నిండా అక్షరాల వరస పారింది. అది ముద్రతాళం. ధరణి దాన్ని లోవ చేతిపలకలోకి పంపింది. పక్కగదిలో ఏదో గంట మోగింది. రాజుగారు పరుగున వచ్చి, తెల్లచుక్కను చూసి, తలుపు పట్టుకుని నిలబడిపోయారు.

"ఏం చేశావమ్మా? రెండో తరానికి అంతటికీ ఒకటే తాళం. ఒక్కటి తెరిస్తే అన్నీ తెరిచినట్టే. నీకు తెలుసు."

"తెలుసండి."

"రేపు పాలు అడ్డంపడి ఎవరో ఒకరు పోతారు. ఆ చావు నీ మెడకి చుట్టుకుంటుంది."

 ఆయన చెయ్యి చాస్తే ధరణి సంధానకాన్ని అందులో పెట్టింది.

బయట హాల్లో నూకరత్నం వేలంపాట గొంతు ఎత్తింది. లోపలి పెట్టెలో గొంతులు చెరిపేస్తున్నారని, తాళం తమ దగ్గరుందని, కావలసినవాళ్లు అడగమని, పొర సంగతి కూడా దాచకుండా చెప్పింది. కూర్చున్నవాళ్లలో కొందరు గుండీలు పెట్టుకుని లేచారు. కొందరు భయపడి కూర్చునే ఉన్నారు. ఆ సాయంత్రానికి ముద్రతాళం రేవు దాటింది. దానితో చాలామంది తమ కంఠికలను విడిపించుకున్నారు. నెలాఖరున స్వరధార మూగ ఆదేశం పంపినప్పుడు, కోస్తా పొడుగునా వేలమంది మెడల్లోని కంఠికలు దాన్ని వినలేదు. సంస్థ కేసులు పెట్టింది. ధరణి ఉద్యోగం తాళం బయటపెట్టిన రోజే పోయింది.

సూర్యప్రకాశం మాస్టారి ఇంటికి ఆమె ఒకసారి వెళ్లింది. గేటు దాకా వెళ్లి, లోపల ప్రశాంతం గొంతు ఎవరికో పాఠం చెబుతుంటే విని, వెనక్కి వచ్చేసింది.

విడుదలైన కంఠికలకు కొత్త పొర చెయ్యడానికి జగన్నాథపురంలో ఒక పాత బియ్యం గోదాములో పదిమంది కూడారు. రాత చదవగలిగినవాళ్లు, అచ్చులు పోయగలిగినవాళ్లు, ఉద్యోగం పోగొట్టుకున్న ధరణి, పని దిగాక వచ్చే లోవ. రాతలోని తప్పులు తొందరగానే దొరికాయి. పొర మాత్రం లొంగలేదు. పోసిన ప్రతి పొరా కొన్నాళ్లకే బీటలిచ్చేది. మనిషి మెడలో పెట్టదగినది తయారయ్యేసరికి రెండో వానాకాలం వచ్చింది.

నూకరత్నం ఆ వానల మొదట్లోనే పోయింది. పొద్దున్నే రేవుకి బయల్దేరుతూ, నిలబడి గంజి తాగుతుంటే కవాటం పడలేదు. నిలిచే పొర ఆ తర్వాతే వచ్చింది. అదే ఇప్పుడు అందరికీ పెడుతున్నారు.

పెద్దకర్మ అయ్యాక చాలా రోజులకు లోవ గోదాముకు వచ్చింది. కొంగున కట్టిన పెద్దమ్మ కంఠికను తీసి బల్ల మీద పెట్టింది.

"కోపం లేదని చెప్పడానికి రాలేదండి," అంది. "ఉంది. కొన్నాళ్లు మీ మీద. కొన్నాళ్లు నా మీద. ఆ పొర నేను చేస్తానని నమ్మింది కదా పెద్దమ్మ."

"నా మీదే ఉండనివ్వు," అంది ధరణి.

"చివరిదాకా అమ్మ గొంతుతోనే పిలిచింది. అది మంచికో చెడ్డకో నాకు తెలీడం లేదు." కంఠికను ధరణి వైపు జరిపి, "ఇందులోంచి అమ్మ స్వరముద్ర బయటికి తియ్యగలరా?" అని అడిగింది.

"తియ్యగలను. వింటావా?"

"వద్దు. మా పెద్దమ్మలా సొంత గొంతు ఏమీ మిగలనివాళ్లు వస్తారు గదండి ఇక్కడికి. వాళ్లలో ఎవరికైనా పెట్టండి. ఇప్పుడు అడగాల్సినవాళ్లు ఎవరూ లేరుగా. నేనే ఇస్తున్నాను."

"ఎవరికి పెట్టిందీ చెప్పమంటావా?"

"చెప్పకండి. తెలిస్తే వాళ్ల వెనకాలే తిరుగుతాను."

ధరణి స్వరముద్రను గాజుపలకలోకి తీసి, ఖాళీ కంఠికను తిరిగి ఇచ్చింది. సముద్రంలో కలుపుతానని చెప్పి లోవ లేచింది. గుమ్మం బయట బల్ల మీద పిఠాపురం నుంచి వచ్చిన ఒక నేతగత్తె ఎప్పటినుంచో కూర్చుని ఉంది. మెడలో కంఠిక ఉన్నా అందులో గొంతు లేక, సైగలే తప్ప మాట లేని మనిషి. లోవ ఆమెను చూసింది, చూపు తిప్పుకుని మెట్లు దిగింది.

ధరణి నేతగత్తెను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మెడలోని తెల్లచుక్కకు గాజుపలక ఆనించి స్వరముద్రను ఒంపింది. క్షణాల పని. ఆమె ఆత్రంగా నోరు తెరవబోతే, ఆగమని చెయ్యి చూపించింది. కిటికీ దగ్గరికి వెళ్లి, వానలో తల మీద కొంగు కప్పుకుని పోతున్న లోవ వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడింది.

అప్పుడు నేతగత్తె వైపు తిరిగి, "ఇప్పుడు మాట్లాడండమ్మా," అంది.